వేట లేని వేసవిలో శాకపాకం

ఆహార ప్రచారపు కొలువులో కొత్తగా చేరిన యువతీయువకులు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "తమరు అనుభవజ్ఞులు కదా, జనం మన మాట విన్నారో లేదో తెలుసుకునే ఉపాయమేదైనా చెప్పండి" అని వినయంగా అడుగుతూ ఉంటారు. నేను వారికి కాఫీ ఇప్పించి మాట మారుస్తాను. ఆ ఉపాయమే నాకు తెలిసి ఉంటే దివిసీమలో ఒక వేసవి కాలమంతా అంతటి అయోమయంలో గడిపి ఉండేవాణ్ణి కాను. అందుచేత ఉపాయానికి బదులుగా ఆ వేసవి వృత్తాంతాన్నే ఇక్కడ నివేదిస్తున్నాను. ఇందులోనుంచి ఏమి గ్రహించవలెనో మీరే తేల్చుకోండి. నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ప్రాచ్య కళాశాలలో కావ్యనాటకాలంకారాలు చదువుకుని, పండిత పదవికోసం ఎదురుచూస్తూ, కొద్దికాలమే కదా అనుకుని మచిలీపట్నంలోని ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. ఆ కొద్దికాలం ఉద్యోగ విరమణ దాకా సాగింది. మాంసమూ చేపలూ తినడం అలవాటైన కుటుంబాలకు, తక్కువ ఖర్చులో ఒంటికి బలమిచ్చే శాకాహార భోజనం ఎలా అమర్చుకోవచ్చునో నచ్చజెప్పడం నా పని. కరపత్రాలు రాయడం, ఉపన్యసించడం, వండి చూపేవారిని వెంటబెట్టుకుని ఊళ్ళు తిరగడం ఇందులోని అంగాలు. నన్ను ఈ పనికి ఎంపిక చేసిన పెద్దలు ఒక్క సంగతి ఆలోచించలేదు. నేను పుట్టుశాకాహారిని. చేప రుచి ఎటువంటిదో ఎరుగను. ఎరుగని రుచిని మరిపించే బాధ్యత నా భుజాన పడింది.

గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళలో ఈ లోపం పెద్దగా బయటపడలేదు. అక్కడివారు నా ఉపన్యాసం చివరిదాకా విని, "అలాగేనండీ పంతులుగారూ, ఆదివారం మాత్రం మమ్మల్ని అడక్కండి, మిగతా రోజులన్నీ మీవే" అని ఒప్పందం చేసుకునేవారు. ఆ ఒప్పందం ఉభయులకూ సౌకర్యంగా ఉండేది. ఆదివారం నాకూ సెలవే.

నా విరమణ దగ్గరపడిన రోజులలో నన్ను దివిసీమకు పంపించారు. నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే ఒక చిన్న మత్స్యకార పల్లె ఉంది. ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో మరపడవల వేటను ప్రభుత్వం నిలుపుదల చేస్తుంది కదా. ఆ కాలంలో పల్లెకు రాబడి ఉండదు. పాయల్లో దొరికే చిన్నచితకా చేపా పీతా అమ్ముకోవడానికే తప్ప ఇంటి పొయ్యి దాకా రావు. బియ్యం రేషనులో వస్తుంది. అన్నంలోకి ఏమిటన్నదే ప్రశ్న. దానికి మా సంస్థ జవాబుగా గాలివానల్లో జనం తలదాచుకునే అక్కడి తుఫాను భవనంలో ఒక ఉమ్మడి వంటశాల తెరిచింది. మధ్యాహ్నం ఎవరైనా గిన్నె తెచ్చుకుని కూర పట్టుకెళ్ళవచ్చు. అయితే డబ్బిచ్చే దాతలు ఒక నియమం పెట్టారు. పల్లెలోని ఇళ్ళన్నీ ఆ భోజనాన్ని స్వీకరిస్తున్నాయని తేలితేనే వేట మళ్ళీ మొదలయ్యేదాకా వంటశాల సాగుతుంది. లేనిపక్షంలో గిన్నెలూ సరుకులూ మరొక పల్లెకు తరలిపోతాయి.

వంటకు ఒకావిడను కుదిర్చాము. చల్లపల్లిలో పెళ్ళిళ్ళకు వండే మనిషి. పుట్టిల్లు మాత్రం ఈ పల్లే. దివిసీమలో వరి కోతల తరువాత మినుము, పెసర చల్లుతారు కాబట్టి అవి చౌకగా దొరికేవి. వాటికి తోడు వంకాయ, మునగాకు, అలసందలు. చేపల పులుసులో వేసే ధనియాలూ మెంతులూ వెల్లుల్లీ నూరి, చింతపండు చిక్కగా పిండి, అలసందలతో వంకాయలతో ఆవిడ పెట్టే పులుసు ఊరి పొలిమేర దాకా గుబాళించేది. నేను రుచి చూసి, మనసులోనే దానికి ఒక కరపత్రం రాసేశాను.

నా కార్యక్రమం ఇలా సాగేది. తుఫాను భవనం ముందు వరండాలో చాప పరిపించుకుని, వంట అయ్యే వేళకు శాకాహార ప్రాశస్త్యాన్ని గురించి ప్రసంగించేవాణ్ణి. ఇద్దరు ముసలివాళ్ళు, నీడకోసం వచ్చిన మేకలు నా శ్రోతలు. వంట కాగానే వెనకవైపు నుంచి ఆవిడ గరిటెతో స్టీలు పళ్ళెం మీద టంగుమని కొట్టేది. నేను ప్రసంగం ముగించి వెనక్కి వెళ్ళేసరికి గిన్నెలు ఖాళీ. ఎవరు వచ్చారో, ఎవరు పట్టుకెళ్ళారో నా కంటపడేది కాదు. పోనీ అని వీధిలోకి వెళ్తే, ఇంటింటి గుమ్మంలోనూ చేపల వాసన గుప్పుమనేది. ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాణ్ణి. ఒక్క ఇంటికైనా మినహాయింపు లేదు.

చూడండి, తర్కం చదువుకున్నవాడికి ఇది ఎంత చిక్కో. కూర ఖాళీ అవుతోంది. వీధి అంతా చేప ఉడుకుతోంది. రెండు కూరలు వండుకునే స్తోమత ఆ రోజుల్లో ఆ పల్లెకు లేదు. అప్పుడు మన కూర ఏమవుతున్నట్లు?

వంటావిడనే అడిగాను. "అమ్మా, నీ చేతి పులుసు ఎక్కడికి పోతోందమ్మా?"

"కడుపుల్లోకేనండీ."

"ఎవరి కడుపుల్లోకి?"

"ఆకలేసినోళ్ళ కడుపుల్లోకండీ."

"గేదెలకు గాని పోస్తున్నారా?"

ఆవిడ గరిటె కింద పెట్టి నావైపు అదోలా చూసింది. "నేను పెట్టిన పులుసు గేదెకి పోస్తారాండీ? అంత మాట అనకండి పంతులుగారూ. ఇంకెవరన్నా అంటే ఊరుకునేదాన్ని కాదు."

మా సంస్థలో నాకు పైఅధికారి ఒక గుడివాడ వాస్తవ్యుడు. వయసులో చిన్నవాడు, నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. వారానికొకసారి ఫోను చేసి సంగతులు కనుక్కునేవాడు.

"ఎలా ఉంది మాస్టారూ?"

"గిన్నెలు ఖాళీ అవుతున్నాయండి."

"శుభం. జనం అలవాటుపడ్డట్టేనా?"

"వీధి నిండా చేపల వాసనండి. ఏ గుమ్మం ముందు నిలబడ్డా అదే."

"అయితే మన కూర ఎవరు తింటున్నట్టు?"

"తెలియడంలేదండి."

"మాస్టారూ, మీరు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు."

"నాకూ అర్థం కాలేదండి" అన్నాను. అంతకన్న నిజమైన నివేదిక నా ఉద్యోగ జీవితంలో మరొకటి ఇవ్వలేదు. అతడు మాత్రం, చేపలు దొరుకుతున్న ఊళ్ళో ఉచిత వంటశాల ఎందుకని దాతలు అడుగుతారనీ, తానే వచ్చి చూస్తాననీ చెప్పి పెట్టేశాడు.

అతడు రావడానికి ముందు ఒక మధ్యాహ్నం హఠాత్తుగా గాలివాన పట్టుకుంది. నేను వీధి మధ్యలో ఉన్నాను. ఎదురుగా కనిపించిన ఇంట్లోకి దూరాను. అది ఆ పల్లెలో పేరున్న సరంగు ఇల్లు. సరంగు అంటే పడవ నడిపే పెద్ద. అతని మాట మీదే పడవలో పనిచేసే కళాసీలు సముద్రంలోకి దిగుతారు. ఇంట్లో సరంగు తల్లి, కోడలు, కోడలి భుజాన నెలల పసిపాప. నన్ను చూసి అత్తగారు చటుక్కున ఒక పళ్ళేన్ని చేటకింద తోసేసింది. తోసిన తొందరలో పులుసు నేలమీద చిందింది. అలసందల పులుసు. వాసన పట్టి చెప్పగలను, మా వంటావిడదే.

పొయ్యి వైపు చూశాను. పొయ్యిమీద కుండ లేదు. నిప్పులమీద ఒక రేకుముక్క, దానిమీద ఎండుచేప తోక ఒక్కటి, మాడి నల్లబడి, వీధిలోకి పొగ వదులుతోంది. వీధిలో నేను చేపల కూర అనుకున్న వాసన మొత్తం ఆ తోకదే.

"ఏమిటమ్మా ఇది?" అన్నాను.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యా, తమరు చూడకూడనిది చూశారు. కూర్చోండి. ఎవరితోనూ అనకండి."

"అనను. కాని నాకేమీ అర్థం కాలేదు. తోకను ఎందుకు కాలుస్తున్నట్లు?"

"వాసన రావాలి కదండీ."

"ఎవరికి?"

"వీధికి. నా కొడుకు సరంగండీ. పడవ నడిపేవోడి ఇంట్లో చేప లేదంటే ఏవంటారు? మొన్నటి సీజన్లో వీడి చెయ్యి తిరగలేదంటారు. సంపాదించి దాచుకోలేనోడంటారు. రేపు వేట తెరిస్తే వీడి పడవ ఎక్కడానికి కళాసీ దొరకడు. పప్పూ కూరగాయలూ మా ఇళ్ళల్లో ఎప్పుడొండుతామండీ? మనిషి పోయి పెద్దదినం అయ్యేదాకా వండుతాం. మరి నా ఇంట్లో ఎవరు పోయారని అడగరూ?"

కోడలు నెమ్మదిగా అంది. "పులుసు బావుంటదండీ. అది మొదలెట్టాకే బిడ్డకి పాలు సరిపోతున్నాయి. వంటశాల ఎత్తేస్తారంటున్నారు, నిజవేనాండీ?"

"నువ్వూరుకోవే" అంది అత్తగారు. తరువాత నావైపు తిరిగి, ఈసారి గొంతు తగ్గించి, "ఎత్తేస్తారాండీ?" అని అడిగింది.

ఎత్తేయరని చెప్పగలిగితే ఎంత బాగుండేదో. ఇంటింటా చేపలు ఉడుకుతున్నాయని పైవారికి చెప్పింది నేనే కదా. ఆ మాట నిలిచి ఉన్నంతవరకు వంటశాల నిలవదు. ఆ మాట తప్పని నిరూపించాలంటే ఈవిడ కొడుకు పరువు నిలవదు.

వాన వెలిసి బయటకు రాగానే, పక్కింటావిడ దడి మీంచి తొంగిచూసి, "పంతులుగారూ, ఆ ఇంట్లో ఏం కూరండీ?" అంది.

"చేపల కూరేనమ్మా" అన్నాను. అబద్ధమాడడం నాకు అలవాటు లేక ఉత్తరీయం సర్దుకున్నాను.

"మా ఇంట్లోనూ అదేనండీ" అంది ఆవిడ చిరునవ్వుతో. ఆవిడ వెనక వసారాలో పొయ్యిమీద రేకుముక్క, రేకుముక్కమీద తోక. నా చూపు అటు పోవడం గమనించి, గబగబా దడి దగ్గరకు వచ్చి, "ఆ సరంగోళ్ళ అత్తతో అనకండీ, మీకు పుణ్యముంటుంది. అసలే నోరు మంచిది కాదు" అని చేతులు జోడించింది. ఆ తరువాతి ఇంట్లోనూ అదే కథ. ఆ పై ఇంట్లో తోక కూడా అయిపోయి, ఎండుచేప కట్టుకొచ్చిన గోనెముక్కను కాలుస్తున్నారు. వాళ్ళూ పక్కింటికి తెలియనివ్వవద్దనే వేడుకున్నారు. సాయంత్రానికల్లా వీధిలో ప్రతి ఇంటి రహస్యానికీ నేనే రక్షకుణ్ణయి కూర్చున్నాను. అన్ని ఇళ్ళదీ ఒకే రహస్యం.

ఆ బరువు మోయలేక వంటావిడ దగ్గరకు వెళ్ళి, పేర్లు చెప్పకుండా, ఒక ఇంటి సంగతి అని మొదలుపెట్టాను. ఆవిడ పూర్తిగా విననే లేదు.

"అన్ని ఇళ్ళూ అంతేలెండి. అందరికీ తెలుసు."

"అందరికీ తెలుసా? ఎలా?"

"వాసనకే తెలుస్తదండీ. మాడిన తోక వాసన వేరు, ఉడికిన చేప వాసన వేరు. మీరంటే తినరు, మీ తప్పేముంది."

"మరి అందరికీ తెలిసినప్పుడు ఒకరికి తెలియకుండా ఒకరు ఎందుకు దాచుకుంటున్నారమ్మా? నన్నెందుకు బతిమాలుకున్నారు?"

"తెలిస్తే తెలిసిందండీ. నోటితో అనుకుంటే రేపు కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేటప్పుడు అదే మాటవుద్ది. అనుకోకపోతే ఏవీ లేదు."

నేను ధ్వనిసిద్ధాంతం చదువుకున్నవాణ్ణి. చెప్పిన మాటకన్న చెప్పని మాటకే విలువ ఎక్కువని పరీక్షలో పుటల కొద్దీ రాసి ఉత్తీర్ణుణ్ణయినవాణ్ణి. అయినా ఆవిడ చెప్పినది నాకు పూర్తిగా జీర్ణం కాలేదు. దాగనిదాన్ని దాచడంలో ఒక ఊరు ఊరంతా ఇంత కష్టపడుతుందా? ఆ కష్టానికి ఎండుచేపల తోకలు ఖర్చు పెడుతుందా? పోనీ ఇప్పుడు నేను పైవాడికి ఏమని చెప్పాలి?

చెప్పిన రోజున అధికారి వచ్చాడు. అవనిగడ్డ దాకా ఎదురువెళ్ళి, అతని కారులోనే కూర్చుని, పేర్లు ఎత్తకుండా ఉన్న విషయమంతా దారిలోనే విన్నవించాను. అతడు చేపలు తినే ఇంటివాడు కనుక తోక సంగతి చెప్పగానే నవ్వాడు. "మా నాయనమ్మ కూడా ఇలాంటిదేదో చేసేది మాస్టారూ" అన్నాడు. నా గుండె కొంచెం తేలికపడింది. వెంటనే అతడే మళ్ళీ బరువెక్కించాడు.

"కాని మీరో నేనో చెబితే కుదరదండీ. ఇళ్ళన్నీ తీసుకుంటున్నాయని దాతలకి వీడియో పంపాలి. జనం కనపడాలి, మాట వినపడాలి. ఈ రోజే ఆఖరు. పక్క పల్లె వాళ్ళు ఇప్పటికే వీడియో పంపారు. గిన్నెలు మాకివ్వండని కూర్చున్నారు."

"వీళ్ళు నోటితో అనరండి."

"అనకపోతే నేనేం చెయ్యను మాస్టారూ?"

తుఫాను భవనానికి ఎదురుగా వలలు బాగుచేసుకునే షెడ్డులో ఊరివాళ్ళను కూర్చోబెట్టారు. మగవాళ్ళు వలల మీద వంచిన తలలు ఎత్తలేదు. ఆడవాళ్ళు ఒకవైపు. సరంగు తల్లి అందరికన్న ముందు, వీపు నిటారుగా. కోడలు చివర స్తంభం పక్కన, భుజాన బిడ్డతో. అధికారి ఫోను ఎత్తి పట్టుకుని, "వంటశాల కూర తింటున్నవాళ్ళు ఒక్కసారి చేతులెత్తండమ్మా" అన్నాడు.

ఒక్క చెయ్యి లేవలేదు. ఎవరూ ఎవరివైపూ చూడలేదు. మగ్గంలో నాడె ఆడినట్లు వలల సూదులు మాత్రం ఆడుతున్నాయి.

"ఎవరూ తినట్లేదా? మరి గిన్నెలు ఎలా ఖాళీ అవుతున్నాయి?"

"మేకలేవోనండీ" అన్నాడు వెనకనుంచి ఎవరో. చిన్న నవ్వు పుట్టి అక్కడే అణగిపోయింది.

అధికారి నావైపు తిరిగాడు. "మాస్టారూ, మీరు రోజూ వీధిలో తిరిగారు. ఊరి ముందు మీరైనా చెప్పండి."

వీధి వీధంతా ఒక్కసారిగా నా మొహంలోకి చూసింది. నేను లేచాను. అందరికీ వేరువేరుగా మాటిచ్చి ఉన్నాను. అందుచేత వ్యాకరణ దోషం ఒక్కటీ లేకుండా, అర్థం కూడా ఒక్కటీ లేకుండా కొంతసేపు మాట్లాడాను. అన్నం పరబ్రహ్మ స్వరూపమనీ, ఆ స్వరూపం దేశకాలాలను బట్టి భిన్నంగా భాసిస్తుందనీ, చూసేవారికీ తినేవారికీ మధ్య కొంత అంతరం సహజమనీ అన్నాను. ముసలివాళ్ళిద్దరూ అలవాటుకొద్దీ తలలూపారు.

"అంటే తింటున్నారా, లేదా?" అన్నాడు అధికారి.

నేను కూర్చున్నాను.

అతడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. గట్టివాడు కాదు, మాట చెప్పడానికి అతనికీ కష్టంగానే ఉంది. "ఈ రోజుకి వంట అయిపోయింది కాబట్టి పెట్టేయండి. రేపు పొద్దున ఆటో వస్తుంది. గిన్నెలు ఎక్కించేద్దాం."

ఆడవాళ్ళు లేచి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. కోడలు మాత్రం స్తంభం దగ్గరే నిలబడి ఉంది. అత్తగారి వైపు చూస్తూ ఉంది, అంతే. అత్తగారు ఆ చూపు తప్పించుకుని ముందు నడిచిపోయింది.

వేళకు వంటావిడ పళ్ళెం కొట్టింది. ఆ రోజు ఆవిడ గిన్నెలు వెనకవైపు పెట్టలేదు. తెచ్చి ముందు వరండాలోనే, నా చాపమీదనే పెట్టింది. ఎందుకని అడిగితే, "ఆఖరి రోజు కదండీ, ఇక్కడ గాలి బావుంటదని" అంది. అధికారీ నేనూ పక్కన కుర్చీల్లో కూర్చున్నాము. వీధి ఖాళీగా ఉంది. మళ్ళీ కొట్టింది. ఎవరూ రాలేదు. అంతదాకా ఆవిడ అంత గట్టిగా కొట్టడం నేను వినలేదు.

అప్పుడు సరంగు ఇంటి తలుపు తెరుచుకుంది. సరంగు తల్లి, కొంగు చాటు చేయని గిన్నె చేత్తో పట్టుకుని, వీధి నడిమధ్యగా, ఎవరూ పిలవకుండానే నడుచుకుంటూ వచ్చింది. వరండా ముందు ఆగి, ఊరికంతటికీ వినపడేలా అంది. "మా కోడలు బాలింతరాలు. దానికి పత్యం. పులుసు పొయ్యమ్మా."

దడి వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "బాలింతకి సొరచేప పెట్టాలి గాని అలసందలేంటత్తా?"

"డాక్టరు చెప్పాడే! నువ్వు చదివావా డాక్టరు చదువు? నోరు మూసుకుని నీ గిన్నె నువ్వు తెచ్చుకో."

దడి వెనక గొంతు కాసేపు ఆలోచించింది. ఆ తరువాత ఆ గొంతుగల మనిషే, పక్కింటావిడే, గిన్నె పుచ్చుకుని వచ్చింది. "మా ఆయనకి శనివారం మొక్కండీ."

"ఇవాళ బుధవారం కదే" అంది సరంగు తల్లి.

"ముందునుంచే ఉంటున్నాడు. భక్తి ఎక్కువ."

అక్కడినుంచి వీధి కదిలింది. ఒకావిడ మావగారికి పళ్ళు లేవు, ముల్లు దిగదు. ఒకావిడ ఆడపడుచుకు ఒంటికి దద్దుర్లు, నీచు పడదు. ఇంకొకావిడ ఇంటికి శాకాహారులైన చుట్టాలు వచ్చారు, ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. ఒకావిడకు ఏ సాకూ దొరక్క, ముందున్నావిడను చూపించి, "ఈవిడ మావగారికే, నేను సాయం పట్టుకెళ్తన్నాను" అంది. గోనెముక్క కాల్చిన ఇంటివారు గిన్నెకు బదులు బిందె తెచ్చి, ఇంట్లో అందరికీ మొక్కేనన్నారు. ఎవరి సాకునూ ఎవరూ కాదనలేదు. కాదనకపోగా, "అవునండీ, పాపం, ఆయనకి చూపు కూడా ఆనదు" అని ఒకరికొకరు సాక్ష్యం పలికారు. చివరికి వీధిలో పత్యమో మొక్కో లేని ఇల్లు మిగలలేదు.

అధికారి మొదటి గిన్నె వచ్చినప్పుడే ఫోను బయటకు తీసి వీడియో పడుతూనే ఉన్నాడు. నావైపు వంగి, "మాస్టారూ, ఇది దేనికింద వస్తుంది? తింటున్నట్టా, తిననట్టా?" అని గుసగుసలాడాడు.

"నాకు తెలియదండి" అన్నాను.

"ప్రతి ఇంటివాళ్ళూ తీసుకోవాలన్నారు. తీసుకున్నారు. ఎందుకు తీసుకోవాలో దాతలు చెప్పలేదు." అతడు తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్లు తల ఊపి, వంటావిడతో, "గిన్నెలు ఇక్కడే ఉండనీయండమ్మా. రేపు ఆటో రాదు" అన్నాడు. స్తంభం దగ్గరనుంచి కోడలు ఆ మాట విన్నది. బిడ్డను ఒక భుజం నుంచి ఇంకొక భుజానికి మార్చుకుని ఇంటివైపు వెళ్ళిపోయింది.

ఆ పులుసు ఆ పల్లెకు నచ్చి తిన్నారో, గతిలేక తిన్నారో నేను ఆనాడూ తెలుసుకోలేదు, తరువాతా తెలుసుకోలేదు. శాకాహారాన్ని అలవాటు చేయడం నా ఉద్యోగం. ఒక ఊరు ఊరంతా శాకాహారం తింది. తిన్నవాడు ఒక్కడూ లేడు. ఈ ఫలితాన్ని ఏ గడిలో వేసుకుంటారో మీ ఇష్టం. మా సంస్థ మాత్రం దాన్ని విజయాల గడిలో వేసింది.

అందరికీ వడ్డించడం అయ్యాక అధికారికీ ఆకలి వేసింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదట. విస్తరి పట్టుకుని వరండా మెట్టుమీద కూర్చుని, "నాకూ కొంచెం పెట్టమ్మా" అన్నాడు.

వంటావిడ గరిటె గిన్నెలోనే ఉంచింది. చుట్టూ ఆడవాళ్ళు గిన్నెలతో నిలబడి చూస్తున్నారు. ఆవిడ ఎంతో మర్యాదగా అడిగింది. "తమరికి పత్యమాండీ, మొక్కాండీ?"

అతడు ఒక్క క్షణం తెల్లబోయాడు. తరువాత, గుడివాడ తెలివి ఊరికే పోదు, "రెండూనమ్మా" అన్నాడు. వీధి ఘొల్లుమంది. వలల షెడ్డులో మగవాళ్ళు కూడా నవ్వారు.

"పంతులుగారూ, మరి తమరికో?"

నేను విస్తరి ముందు కూర్చుని ఉన్నాను. ఏదో ఒకటి చెప్పబోయాను. నాకు పత్యం లేదు. మొక్కు లేదు. పళ్ళన్నీ సుబ్బరంగా ఉన్నాయి. జీవితమంతా శాకాలే తిన్నాను, ఎందుకు తింటున్నావని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. శాకాహార ప్రాశస్త్యాన్ని గురించి ఆ వరండాలోనే వేసవి అంతా ప్రసంగించిన నోట ఒక్క కారణమూ రాలేదు. ఆవిడ గరిటె ఎత్తిపట్టుకుని ఆగింది. వీధి ఆగింది.

సరంగు తల్లికే నామీద దయ కలిగింది. "పాపం ఆయనకి వేరే గతి లేదు. వడ్డించమ్మా" అంది.

ఆడవాళ్ళందరూ నావైపు జాలిగా చూశారు. వంటావిడ, అధికారికి వేసినదానికన్న మరో గరిటె ఎక్కువే నా విస్తట్లో వేసింది.